‘కొందరు పిల్లలు’ అంటే ఎవరు?
ఒక ప్రశ్నావళి తెలుగు రూపం మీద విమర్శ

రెండేళ్ల కింద టేకులపల్లి మండలంలోని ఒక బడికి కాగితాల కట్టతో ఒక పరిశోధక బృందం వచ్చింది. పిల్లలు తమను తాము ఎట్లా చూసుకుంటున్నరో కొలుస్తామన్నరు. భాషకు సాయంగా ఉండమంటే నేనూ పోయి వెనక బెంచీ పక్కన నిలబడ్డాను. కాగితం మొదటి వరసలో పేరు, తరగతి, కులం. కులం గడి నింపడం కొందరికి చేతగాక ఆలస్యమైతే సారు గట్టిగా “ఎస్సీలు చేతులెత్తండి, ఎస్టీలు చేతులెత్తండి” అని లెక్క తేల్చేశాడు. ఆ తర్వాత వాక్యాలు మొదలైనయి. అన్నీ ఒకే తీరు. ‘కొందరు పిల్లలు’ ఇట్లా ఉంటారు, ‘ఇంకొందరు పిల్లలు’ అట్లా ఉంటారు, నువ్వు ఎవరి లెక్క?

మూడో వాక్యం కాడ అయిదో తరగతి పిల్లగాడొకడు లేచి నిలబడ్డాడు. “సారూ, కొందరు పిల్లలంటే ఎవరు? ఊరోళ్ల పిల్లలా, మా పిల్లలా?” అని అడిగిండు. సారు నవ్వి “ఎవరైతే ఏందిరా, నీకు తోచిన కాడ టిక్కు పెట్టు” అన్నడు. పిల్లగాడు రెండు వైపులా టిక్కు పెట్టి కూర్చున్నడు. లెక్క కట్టేటప్పుడు అట్లా రెండు వైపులా టిక్కులున్న కాగితాలను ‘తప్పుగా నింపినవి’ అని పక్కన పడేశారు.

ఆ రోజు ఆ గదిలో సరైన ప్రశ్న వేసింది ఆ పిల్లగాడొక్కడే. పరిశోధకులు వినకుండా వదిలేసిన ఆ ప్రశ్నను పట్టుకొని ఈ కొలబద్దను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొలబద్ద పుట్టుక

తెలుసుకోకుండా తిట్టడం విమర్శ కాదు గనక ముందు దాని పుట్టుక చెప్పుకుందాం. అమెరికాలోని డెన్వర్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త సూజన్ హార్టర్ 1982లో ప్రకటించిన ఒక కొలతను పెంచి, సవరించి 1985లో పిల్లల స్వీయ అవగాహన ప్రొఫైల్‌ను తయారుచేసింది. అందులో 36 వాక్యాలు. ఆరు అంశాలు, ఒక్కో అంశానికి ఆరు వాక్యాలు. చదువు, తోటి పిల్లల ఆమోదం, ఆటలు, రూపం, నడవడి, ఇక ఆరోది మొత్తం మీద మనిషిగా తన విలువ గురించి పిల్లకు ఉండే భావం. పిల్ల ముందు తాను ఏ రకం పిల్లల వంటిదో ఎంచుకోవాలి. తర్వాత అది పూర్తిగా నిజమా, కొంతవరకే నిజమా చెప్పాలి. దాన్నిబట్టి 1 నుంచి 4 దాకా మార్కులు పడతయి.

ఈ జంట వాక్యం వెనక మంచి ఆలోచనే ఉంది. అంతకుముందు బాగా వాడుకలో ఉన్న పియర్స్–హారిస్ కొలతలో 80 వాక్యాలకు అవును, కాదు అని జవాబు చెప్పాలి. ‘నువ్వు మంచి పిల్లవా?’ అని పెద్దవాళ్లు అడిగితే కాదని చెప్పే పిల్ల ఎక్కడుంటది? వాళ్లకు నచ్చే జవాబే వస్తది. అందుకని హార్టర్ లోకంలో రెండు రకాల పిల్లలూ ఉంటారని, రెండూ మామూలేనని, ఏది చెప్పినా తప్పు లేదని పిల్లకు ధైర్యం ఇచ్చే విధంగా వాక్యం కట్టింది.

నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. పిల్లకు ధైర్యమివ్వడానికి పెట్టిన ఆ మాట కులం ఉన్న చోట అదే పని చేయలేదు. ‘కొందరు–ఇంకొందరు’ అనే విభజన మన పిల్లలకు కాగితం మీద కొత్తగా ఎదురయ్యేది కాదు. వాళ్లు పుట్టకముందే వాళ్ల కోసం గీసిపెట్టిన గీత అది. ఊరు–వాడ, ఊరు–తండా, ఊరు–గూడెం, ఇంటినుంచి వచ్చే పిల్లలు–హాస్టల్ పిల్లలు. ఆ గీతకు రెండు వైపులా ఉన్నవాళ్లు సమానం కాదని మన పిల్లలకు అయిదారేళ్లకే తెలుస్తది. అట్లాంటప్పుడు ‘నువ్వు ఎవరి లెక్క?’ అనే ప్రశ్న వాళ్ల చెవిలో ‘నీదే కులం?’ అన్నట్టే పడతది. పైగా కులం గడి అప్పుడే నింపించి, చేతులు ఎత్తించి ఉన్నరు గదా!

తర్జుమా గెలిచినా కొలత ఓడవచ్చు

ఇట్లాంటి కొలతలను వేరే భాషలోకి తేవడానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు తర్జుమా చేస్తారు, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, రెండింటినీ పోల్చి తేడాలు దిద్దుతారు. 1970లో బ్రిస్లిన్ అనే పరిశోధకుడు చెప్పిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఆ తర్వాత కొద్దిమంది పిల్లలతో నింపించి చూస్తారు. వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని క్రోన్‌బాక్ ఆల్ఫా లెక్కిస్తారు. ఆరు అంశాలు ఆరుగానే నిలుస్తున్నాయా అని కారకాల విశ్లేషణ చేస్తారు. టర్కీలో పరిశోధకులు హార్టర్ ప్రొఫైల్‌ను టర్కిష్‌లోకి తెచ్చినప్పుడు ఈ గణాంకాల పరీక్షలు శ్రద్ధగానే చేశారు.

కానీ ‘కొందరు పిల్లలు’ను తిరిగి ఇంగ్లీషులోకి మారిస్తే మూలంలోని మాటే వస్తది, అక్షరం తప్పు దొరకదు. తప్పు మాటలో లేదు, ఆ మాట వినపడే ఊళ్లో ఉంది. ఆల్ఫా ఎక్కువ రావడం ఆ వాక్యాలు కలిసి నడుస్తున్నాయని మాత్రమే చెబుతది. అవి ఎటు నడుస్తున్నాయో చెప్పదు. చదువు గురించి అడిగిన ఆరు వాక్యాలకూ పిల్ల తన కులాన్ని తలచుకొని జవాబు చెప్పిందనుకోండి, అప్పుడు కూడా అవి చక్కగా పొసుగుతయి!

టర్కీ ఉదాహరణలో మనకు ఇంకో పాఠం ఉంది. టర్కిష్‌లోకి తేవడమంటే టర్కీ పిల్లలందరి భాషలోకి తేవడం కాదు. అక్కడ లక్షల మంది కుర్దు పిల్లలున్నారు. 1982 రాజ్యాంగం 42వ అధికరణం టర్కిష్ తప్ప వేరే భాషను మాతృభాషగా బళ్లలో బోధించకూడదంటది. 2012లో గానీ కుర్దిష్‌ను ఒక ఐచ్ఛిక పాఠంగా ఒప్పుకోలేదు. ఇంట్లో కుర్దిష్ మాట్లాడి బడిలో టర్కిష్ కాగితం నింపే పిల్ల చదువు అంశంలో తక్కువ మార్కు వేసుకుంటే, అది తన మీద తనకున్న భావమా, తన భాష మీద రాజ్యానికున్న భావమా?

ఈ ప్రశ్న టేకులపల్లికి నేరుగా తగులుతది. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఈ మండలం ఇల్లెందుకూ కొత్తగూడేనికీ నడుమ ఉంటది. ఇక్కడ కోయ గూడేలున్నాయి, లంబాడా తండాలున్నాయి, మాల మాదిగ వాడలున్నాయి. కోయ భాష గోండికి దగ్గరిది. లంబాడీ అసలు ద్రావిడ భాషే కాదు, రాజస్థాన్ వైపు భాషలకు చుట్టం. ఆ పిల్లలకు తెలుగు బడి నేర్పే భాష. 2022–23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చాక అది కూడా నడిమి మెట్టు అయిపోయింది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, లంబాడీతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. ఏజెన్సీ బళ్లలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో ఇచ్చిన జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల భాష తెలిసిన టీచరు తరగతిలో ఉంటాడన్న పూచీ కూడా దాంతో పోయింది. అట్లాంటి చోట పాఠ్యపుస్తకపు తెలుగులో 36 జంట వాక్యాలు రాసి ‘తెలుగులోకి తెచ్చాం’ అనడం ఎవరి తెలుగులోకి?

ఆరు అంశాలూ మన వాకిట్లో

ఇప్పుడు అంశాల్లోకి పోదాం.

చదువు. తెలుగులో చదువు ‘వస్తది’, లేదంటే ‘రాదు’. ఇంకో మాట ఉంది, ‘అబ్బదు’. ఈ మాటను ఎవరి మీద వాడుతూ వచ్చారో చెప్పాల్సిన పని లేదు. ‘వాళ్లకు చదువెక్కడ అబ్బుతది’ అన్నది ఒక పిల్ల గురించి చెప్పే మాట కాదు, ఒక కులం మీద ఇచ్చిన తీర్పు. ‘కొందరు పిల్లలకు చదువు బాగా వస్తుంది, ఇంకొందరికి అంతగా రాదు’ అని రాస్తే పిల్ల చెవిలో ఆ పాత తీర్పే మోగుతది.

తోటి పిల్లల ఆమోదం. స్నేహితులు చాలామంది ఉన్నారా అని ఈ అంశం అడుగుతది. బడి గ్రౌండులో కలిసి ఆడే పిల్లలే ఇంటి గడప కాడ వేరయ్యే చోట జవాబు ఏమని ఉండాలి? రెండు వైపులా టిక్కు పెట్టిన పిల్లగాడు ఇక్కడ అబద్ధం చెప్పలేదు. అతనికి రెండూ నిజమే. ఇంకో చిక్కు మన లోపలిది, దాచుకోవద్దు. 1976లో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. వాళ్లను తొలగించాలని 2017లో ఆదివాసీలు పెద్ద ఎత్తున ఆందోళన చేశారు. ఆ మాటలు హాస్టల్ గదుల దాకా వచ్చినయి. కోయ పిల్లకు ‘ఇంకొందరు పిల్లలు’ అంటే పక్క మంచం మీది లంబాడా పిల్ల కావచ్చు, లంబాడా పిల్లకు కోయ పిల్ల కావచ్చు. మాల మాదిగల నడుమా అంతే. ‘దళిత ఆదివాసీ పిల్లలు’ అని ఒకే మూటగా కట్టి సగటు తీసేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ సగటు ఎవరినీ చూపించదు.

రూపం. ఒడ్డూ పొడుగూ, ముఖం, జుట్టు గురించి అడుగుతారు. రంగు ఊసు లేదు. మన దగ్గర రూపం అనగానే ముందు వచ్చేది రంగే. ‘ఎర్రగా బుర్రగా’ అనేది మెప్పు, ‘నల్లగా ఉన్నా కళగా ఉంది’ అనేది దయ. ఆ ‘ఉన్నా’ అనే మాట బరువెంతో నల్లపిల్లను అడిగితే చెబుతది. ఆ బరువు ఈ కాగితం మీద పడే చోటే లేదు.

ఆటలు. ఇక్కడి పిల్లలకు వాగులో ఈత, చెట్టెక్కుడు, అడవిలో దారి పట్టుడు ఆటల కింద లెక్కకు రావు. ఇప్పపువ్వు ఏరడం, ఎండాకాలం తునికాకు కట్టలు కట్టడం, చెల్లెను చంకనేసుకొని పొయ్యి కాడ చూసుకోవడం ఏ అంశంలోనూ లేవు. హార్టర్ 1988లో కౌమార వయసు వాళ్లకు వేరే ప్రొఫైల్ తయారుచేసినప్పుడు గానీ ‘పని సామర్థ్యం’ అనే అంశం చేర్చలేదు. పిల్లల చాకిరీని నేను పొగడడం లేదు. వాళ్లు బడిలో ఉండాల్సిందే. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు తన మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో అది వదిలేసి, లేని చోట వెతికి ‘తక్కువ’ అని రాయడం కొలత కాదు.

నడవడి. అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడుంది. ఉండాల్సిన తీరుగా ఉంటావా, తిట్లు పడే పనులు చేస్తావా అని ఈ అంశం అడుగుతది. వాడ పిల్లకు ‘ఉండాల్సిన తీరు’ ఎవరు చెప్పారు? ఎదురు మాట్లాడకపోవడం, అడిగేదాకా నీళ్ల కుండ కాడికి పోకపోవడం, వెనక వరసలో కూర్చోవడం, వీటి పేరే గదా అణకువ! ఈ అంశంలో ఎక్కువ మార్కులు వస్తే పిల్ల తన నడవడి మీద సంతోషంగా ఉందని అనుకోవాలా, లొంగుబాటు బాగా నేర్చిందని అనుకోవాలా?

హార్టర్ కాగితం అచ్చయిన 1985లోనే, జూలై 17న కారంచేడులో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేస్తుంటే మున్నంగి సువార్త అడ్డం పడింది, బిందె ఎత్తింది. దాని మీద జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలను చంపేశారు. ‘ఉండాల్సిన తీరుగా ఉండని’ మనిషి ఆమె. ఈ కాగితం మీద ఆమెకు నడవడిలో మార్కు పడదు. కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత, 1994లో దండోరా తర్వాత మన పిల్లలకు తమ మీద తమకు కలిగిన విలువ చాలావరకు అట్లా ఎదురు తిరిగినవాళ్ల నుంచి వచ్చిందే.

తక్కువ వచ్చినా మనదే తప్పు, ఎక్కువ వచ్చినా మనదే తప్పు

మార్కులు వచ్చాక వాటిని చదివే తీరు ఇంకో కథ. 1940 ప్రాంతంలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్ల పిల్లల ముందు నల్ల బొమ్మనూ తెల్ల బొమ్మనూ పెట్టి ఏది మంచిదని అడిగారు. చాలామంది తెల్ల బొమ్మను చూపించారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదన్న తీర్పులో ఈ పరిశోధనను ప్రస్తావించింది. అది న్యాయం వైపు పనిచేసింది. కానీ ‘నల్ల పిల్లల మనసే దెబ్బతిన్నది’ అనే మాట కూడా దాని తోకగా మిగిలింది. 1971లో రోజెన్‌బర్గ్, సిమ్మన్స్ బాల్టిమోర్ పిల్లల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. నల్ల పిల్లల స్వీయ విలువ తెల్ల పిల్లలకన్నా తక్కువ లేదని తేలింది. పిల్లలు తమను పోల్చుకునేది చుట్టూ ఉన్న తమవాళ్లతోనే అన్నది వాళ్లు చెప్పిన ఒక కారణం. మన హాస్టల్ పిల్లలు ఎక్కువ మార్కులు వేసుకుంటే ఇదే కారణం కావచ్చు. దాన్ని చూపించి ‘వివక్ష లేదు, పిల్లలు హాయిగా ఉన్నరు’ అనేవాళ్లు సిద్ధంగా ఉంటారు. తక్కువ వేసుకుంటే ‘వీళ్లలో న్యూనత ఉంది, కౌన్సెలింగ్ ఇవ్వాలి’ అంటారు. రెండు దారుల్లోనూ బడి తప్పించుకుంటది.

దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. దళిత పిల్లలకూ అగ్రకులాల పిల్లలకూ దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు ఇద్దరూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందు పేరూ కులమూ చదివి ఇచ్చినప్పుడు దళిత పిల్లలు వెనకబడ్డారు. అదే ఊళ్ల పిల్లలు, అదే వయసు, అవే పజిళ్లు. మారింది పిల్ల మనసులోని శాశ్వత గుణం కాదు, గదిలోని పరిస్థితి. ఇప్పుడు ఆ బడిలో సారు చేతులెత్తించిన సంగతి తలచుకోండి. కొలవడానికి వచ్చినవాళ్లు కొలత కన్నా ముందే పిల్లలను దించేశారు. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులో నడవడి బాగుందని, చదువు మీద నమ్మకం తక్కువుందని, వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెట్టాలని రాసి ఉంది. ఆ బడిలో తాగునీళ్లు ఎవరు ముంచి పోస్తున్నరో ఎవరూ రాయలేదు.

సతారా బడిలో చిన్ననాటి అంబేడ్కర్ గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు, నౌకరు వచ్చి నల్లా తిప్పితే గానీ నీళ్లు తాగలేకపోయాడు. ఆయనే రాసుకున్న సంగతి అది. ఆ పిల్లవాడి చేతికి ఈ కాగితం ఇచ్చి ‘నీ మీద నీకేమనిపిస్తుంది’ అని మాత్రమే అడిగితే ఆ బడి గురించి మనకు ఏం తెలిసేది?

ఆత్మగౌరవం ఎవరి మాట

ఆరో అంశాన్ని తెలుగులో ‘ఆత్మగౌరవం’ అని రాస్తున్నరు. ఆ మాటకు మన దగ్గర చరిత్ర ఉంది. 1925లో పెరియార్ మొదలుపెట్టిన ఉద్యమం పేరు అదే. కారంచేడు తర్వాత దళిత సభల్లో ఎక్కువగా వినిపించిన మాటా అదే. ఒక పిల్ల లోపల ఎంత ఉందో కొలిచే సరుకుగా ఆ మాట పుట్టలేదు. ఎదుటివాళ్ల నుంచి, సంఘం నుంచి రావలసినదాన్ని నలుగురూ కలిసి అడిగే మాట అది. మన పిల్లలను ‘నీకెట్లా ఉంది?’ అని అడిగితే చాలాసార్లు ‘మాకు’ అని మొదలుపెడతారు, ‘నాకు’ అని కాదు. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఆ పిల్లల ‘మేము’లో సారు లేడు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే 36 వాక్యాలకన్నా ఎక్కువ తెలుస్తది.

హార్టర్ మీద కూడా న్యాయంగా ఉండాలి. స్వీయ విలువ రెండు చోట్ల నుంచి వస్తుందని ఆమె చెప్పింది. పిల్లకు ముఖ్యమనిపించిన పనిలో గెలవడం ఒకటి, ఇది విలియం జేమ్స్ నుంచి తీసుకున్నది. ఎదుటివాళ్లు తనను ఎట్లా చూస్తారన్నది రెండోది, ఇది కూలీ అనే సామాజిక శాస్త్రవేత్త నుంచి తీసుకున్నది. అందుకే ఏ అంశం నీకెంత ముఖ్యం అని అడిగే వేరే కాగితమూ, తల్లిదండ్రులు, టీచర్లు, తోటి పిల్లలు నిన్నెట్లా చూస్తున్నారని అడిగే ఇంకో కొలతా 1985లోనే తయారుచేసింది. నా ముందు పంచిన కట్టలో ఆ రెండూ లేవు. పిల్లను అడిగే కాగితం తెచ్చి, పిల్ల చుట్టూ ఉన్నవాళ్ల గురించి అడిగే కాగితం వదిలేశారు.

ఏం చేయాలె?

కొలవొద్దని నేను అనను. లెక్క లేని వివక్షను లేదని కొట్టేయడం సులువు. కానీ కొన్ని షరతులు పెట్టాలి.

ఒకటి, కులం గడి మొదట్లో ఉండొద్దు, గట్టిగా చదవొద్దు, చేతులు ఎత్తించొద్దు. అవసరమైతే చివరన, విడిగా తీసుకోవాలి.

రెండు, జంట వాక్యం తప్పనిసరి కాదు. నార్వేలో విక్‌స్ట్రోమ్ 1995లో కౌమార ప్రొఫైల్‌ను ఒంటి వాక్యాలకు మార్చి చూసి, అదే మెరుగని చెప్పాడు. అక్కడ మార్చగలిగినప్పుడు ఇక్కడ మార్చడానికి అడ్డేంది?

మూడు, వాక్యాలు రాసే ముందు వాడలో, తండాలో, గూడెంలో పిల్లలతో కూర్చొని దేనికి గర్వపడతారో, దేనికి సిగ్గుపడతారో వినాలి. కోయలో, లంబాడీలో ఆ భాష మాట్లాడేవాళ్లే నోటితో అడగాలి.

నాలుగు, పిల్ల కాగితంతో పాటు బడి కాగితం కూడా ఉండాలి. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరితో ఊడ్పిస్తారు, ఎవరిని పేరుతో పిలుస్తారు, ఎవరిని కులంతో పిలుస్తారు అని అందులో రాయాలి. అది లేకుండా మొదటిదాన్ని అచ్చెయ్యొద్దు.

ఐదు, రెండు వైపులా టిక్కు పెట్టిన కాగితాలు పారేయొద్దు. ముందు వాటినే చదవాలి.

టీచరు మిత్రులకు, విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక్క మనవి. ఈసారి ఎవరైనా కాగితాల కట్టతో మీ బడికి వస్తే ఆ పిల్లగాడి ప్రశ్న మీరే అడగండి. ‘కొందరు పిల్లలంటే ఎవరు?’ జవాబు చెప్పాకే పంచనియ్యండి.